అరవై నాలుగు గళ్లు

చిన్న అల్యూమినియం పెట్టె. దానికి 37 పిన్నుల కనెక్టర్ ఒకటి. బండిలోని సెన్సర్ల తీగలు, ఇంజెక్టర్ల తీగలు అన్నీ అక్కడికే వచ్చి కలుస్తాయి. పాత ల్యాప్‌టాప్‌కు తగిలించడానికి 9 పిన్నుల సీరియల్ పోర్టు మరొకటి. ఇంకో చిన్న రంధ్రంలోంచి సన్నని రబ్బరు గొట్టం బయటికొచ్చి, బానెట్ కింద ఇంజను గాలి పీల్చుకునే మానిఫోల్డు దాకా వెళుతుంది. పెట్టె పైపై సొగసు గురించి ఎవరూ పెద్దగా శ్రమపడినట్టు కనిపించదు. అయినా మన కాలంలో మనుషులు ఇంట్లో కూర్చుని చేత్తో చేసుకున్న వస్తువుల్లో నన్ను ఇంతగా కట్టిపడేసినది ఇంకొకటి లేదు. దాని పేరు మెగాస్క్విర్ట్. బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిప్పో అనే ఇద్దరు అమెరికన్ ఇంజనీర్లు రూపొందించగా, 2001లో సొంత కారుకు సొంతంగా ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టుకోవాలనుకునే ఔత్సాహికుల చేతికి వచ్చింది. వచ్చింది కూడా విడిభాగాల సంచిగా, ఖాళీ సర్క్యూట్ బోర్డుతో. టంకం పెట్టుకునే పని కొన్నవాడిదే.

ఈ వస్తువు అందం ఎక్కడుందో చెప్పాలంటే ముందు కార్బురేటర్ దగ్గరికి వెళ్లాలి. విజయవాడ ఆటోనగర్‌లో ముదురు మెకానిక్ ఒకాయన కార్బురేటర్ ట్యూనింగ్ చేయడం చూసినవాళ్లకు ఆ దృశ్యం గుర్తుంటుంది. ఎడం చెయ్యి ఇంజను మీద, కుడి చేతిలో స్క్రూడ్రైవర్, చూపు ఎటో ఉంటుంది. మిక్చర్ స్క్రూ పావు చుట్టు తిప్పుతాడు, వింటాడు, మళ్లీ వెనక్కి అరపావు చుట్టు. ఇంజను స్లోలో నిలకడగా ఆడేదాకా ఎవరితోనూ మాట్లాడడు. తర్వాత ప్లగ్గు విప్పి రంగు చూస్తాడు. నల్లబడితే పెట్రోలు ఎక్కువ, తెల్లగా పాలిపోతే తక్కువ, లేత కాఫీ రంగు తిరిగితే సరిగ్గా ఉన్నట్టు. గాలికీ పెట్రోలుకూ మధ్య ఉండవలసిన పాళ్లు ఆయన చెవిలో, వేళ్లలో ఉన్నాయి. ఆ విద్య ఏ పుస్తకంలోనూ లేదు.

మన దేశంలో 1999, 2000 సంవత్సరాల్లో కాలుష్య నిబంధనలు బిగిశాక, కార్ల మీద ఎంపీఎఫ్ఐ అనే అక్షరాలు వెలిశాయి. కార్బురేటర్ పోయింది, ఆ స్థానంలో ఇంజెక్టర్లు, వాటిని నడిపే కంప్యూటరు వచ్చాయి. అది మంచి మార్పే, సందేహం లేదు. చలికాలం పొద్దున చోక్ లాగి సెల్ఫ్ కొట్టీ కొట్టీ బ్యాటరీ దించుకున్న రోజులు తిరిగి రావాలని నేను కోరను. కానీ ఆ కంప్యూటరు మూత తెరుచుకోదు. ఏ వేగం దగ్గర ఎంత పెట్రోలు పోయాలో లోపల ఎవరో రాసిపెట్టారు. అది చదవడానికి మనకు దారి లేదు, దిద్దడానికి అంతకన్నా లేదు. ఆటోనగర్ మెకానిక్ చెవిలో ఉండిన విద్య ఒక మూసిన పెట్టెలోకి వెళ్లిపోయింది.

మెగాస్క్విర్ట్ చేసిన పని ఆ విద్యను అంకెల రూపంలో మళ్లీ మనిషి ముందు పరచడం.

దానికి ముందు ఇదే మనుషుల చుట్టూ ఈఎఫ్ఐ 332 అనే ప్రయత్నం ఒకటి నడిచింది. మోటరోలా వారి 68332 అనే 32 బిట్ల ప్రాసెసర్ మీద, అన్నీ చేయగల కంట్రోలర్ కట్టాలన్నది సంకల్పం. గొప్ప సంకల్పమే. కానీ అది మామూలు ఔత్సాహికుడి మోకాళ్లు వణికించేంత జటిలమైంది, పూర్తి చేసి కారు నడిపినవాళ్లు కొద్దిమందే. ఆ అనుభవం తర్వాత బౌలింగ్, గ్రిప్పో తీసుకున్న నిర్ణయంలోనే నాకు కళాకారుడి చెయ్యి కనిపిస్తుంది. ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చారు. 32 బిట్లు వద్దు, 8 బిట్లు చాలు. ప్లగ్గులో నిప్పు రాజేసే పని పాత డిస్ట్రిబ్యూటరుకే వదిలేద్దాం, మనం పెట్రోలు సంగతి మాత్రమే చూద్దాం. మోటరోలా 68హెచ్‌సీ908జీపీ32 అనే 40 కాళ్ల చిప్పు ఎంచుకున్నారు. అందులో ప్రోగ్రాముకు 32 కిలోబైట్లు, లెక్కలు వేసుకోవడానికి 512 బైట్ల జ్ఞాపకం. ఇప్పుడు ఫోనులో వచ్చే ఒక చిన్న బొమ్మ కూడా ఆ 512 బైట్లలో పట్టదు. ఆ ఇరుకులో, అసెంబ్లీ భాషలో, పరుగెత్తుతున్న ఇంజనుకు సరిపడే ప్రోగ్రాము రాశారు. సర్క్యూట్ పటం బయట పెట్టారు, ప్రోగ్రామును అందరూ చదువుకునేలా ఉంచారు.

మన ఆలంకారికుల్లో క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణం ఔచిత్యమన్నాడు. ఏది ఎంత ఉండాలో అంతే ఉండటం, ఉండకూడనిది లేకపోవడం. ఈఎఫ్ఐ 332లో పాండిత్యం ఉంది, మెగాస్క్విర్ట్‌లో ఔచిత్యం ఉంది. రెండోదే జనంలోకి వెళ్లింది.

ఇక లోపలి లెక్క. ఇంజను నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు నూరు చుట్లు. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో ఒక్కో సిలిండరుకు రెండు చుట్లకొకసారి వంతు వస్తుంది, అంటే 20 మిల్లీసెకన్లకొకసారి. ఆ వ్యవధిలో గాలి లోపలికి రావాలి, దానికి తగ్గ పెట్రోలు కలవాలి, మండాలి, పొగ బయటికి పోవాలి. ఇంజెక్టరు అంటే విద్యుత్తుతో తెరుచుకునే చిన్న కవాటం. ఎంతసేపు తెరిచి ఉంచితే అంత పెట్రోలు. దానికి తెరుచుకోవడానికే దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది. స్లోలో ఆడుతున్నప్పుడు మొత్తం తెరిచి ఉంచే సమయం రెండు మూడు మిల్లీసెకన్లే. తొలి మెగాస్క్విర్ట్ ఆ సమయాన్ని మిల్లీసెకనులో పదోవంతు చొప్పున కొలిచేది.

ఎంతసేపు తెరవాలో తేలాలంటే లోపలికి ఎంత గాలి వచ్చిందో తెలియాలి. ఇక్కడే నేను మొదట చెప్పిన రబ్బరు గొట్టం పని. పెట్టె లోపల బోర్డు మీదే ఒక ప్రెషర్ సెన్సర్ ఉంటుంది. మానిఫోల్డులోని ఒత్తిడి ఆ గొట్టం గుండా నేరుగా దాని దగ్గరికి వస్తుంది. యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజను గాలి కోసం గట్టిగా లాగుతుంది, ఒత్తిడి ముప్పై నలభై కిలోపాస్కల్స్‌కు పడిపోతుంది. పూర్తిగా తొక్కితే బయటి వాతావరణంతో సమానమై నూటి దగ్గరికి చేరుతుంది. తీగల్లో సంకేతాలు ఎన్నయినా రానీ, ఈ ఒక్క గొట్టంలో మాత్రం ఇంజను ఊపిరి ఊపిరిగానే వస్తుంది. ఈ ఏర్పాటు మొదటిసారి అర్థమైనప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

ఆ ఒత్తిడిని, గాలి వేడిని, ఇంజను వేడిని, సిలిండరు సైజును బట్టి ముందే కట్టిన ఒక స్థిరాంకాన్ని గుణించుకుంటూ పోతుంది ప్రోగ్రాము. కానీ ఆ గుణకారంలో ఒక అంకె మాత్రం ఎవరూ ముందుగా చెప్పలేనిది. సిలిండరు తన పరిమాణంలో నిజంగా ఎంత శాతం గాలితో నిండుతుంది? దీన్నే వీఈ అంటారు. అది ఒక్కో వేగం దగ్గర, ఒక్కో ఒత్తిడి దగ్గర ఒక్కోలా ఉంటుంది. క్యామ్‌షాఫ్టును బట్టి మారుతుంది, ఎయిర్ ఫిల్టరును బట్టి మారుతుంది, సైలెన్సర్ గొట్టం పొడవును బట్టి కూడా మారుతుంది. అందుకే బౌలింగ్, గ్రిప్పో దాన్ని ఖాళీగా వదిలి యజమాని చేతికిచ్చారు. అడ్డంగా ఎనిమిది వేగాలు, నిలువుగా ఎనిమిది ఒత్తిళ్లు, మొత్తం అరవై నాలుగు గళ్లు. ఒక్కో గడిలో ఒక్క అంకె.

ఈ పట్టికను నేను కావ్యం చదివినట్టే చదువుతాను. ఎడమ అంచున కింది మూలలో స్లో ఆడే ఇంజను, అంకెలు చిన్నవి. కుడికి జరిగేకొద్దీ అంకెలు మెల్లగా ఎక్కుతాయి, టార్కు బాగా అందే వేగం దగ్గర శిఖరం చేరతాయి, ఆ తర్వాత ఇంజనుకు ఊపిరి చాలక దిగుతాయి. ఆ ఎక్కుదిగుడు నున్నగా ఉంటే బండి నున్నగా నడుస్తుంది. మధ్యలో ఒక గడి మాత్రం గుంటలా పడి ఉంటే, ఆ వేగం దగ్గర బండి సరిగ్గా అలాగే తడబడుతుంది. అన్నిటికన్నా నాకు ఇష్టమైన సంగతి వేరు. ఇంజను ఎప్పుడూ సరిగ్గా ఒక గడిలో ఉండదు. దాదాపు ఎల్లవేళలా నాలుగు గళ్ల నడుమ ఎక్కడో ఉంటుంది. ఆ నాలుగు అంకెలనూ దూరాన్ని బట్టి కలిపి, అక్కడ రాసి లేని అయిదో అంకెను ప్రోగ్రాము తీసుకుంటుంది. మాటల్లో లేని అర్థం మాటల మధ్య మెరవడాన్ని ఆనందవర్ధనుడు ధ్వని అన్నాడు. ఈ పట్టికలో ఇంజను ఆడేది ఆ ధ్వని మీదే.

పెట్టె కట్టడం మొదలుపెట్టిన మనిషి రాత్రులు ఎలా గడుస్తాయో చెప్పాలి. ఆఫీసు అయిపోయింది, పిల్లలు పడుకున్నారు, అన్నాల బల్ల మీద పాత పేపరు పరిచి బోర్డు పెట్టుకున్నాడు. లాన్స్ గార్డినర్ చేయి ప్రధానంగా ఉన్న మెగామాన్యువల్ ముందుంది. ఆ మాన్యువల్ వచనం గురించి ఎవరూ వ్యాసం రాసినట్టు లేదు, రాయదగినది. రెసిస్టరు రంగు గీతలు చదవడం రానివాణ్ణి కూడా అది చేయి పట్టుకుని నడిపిస్తుంది. ముందు విద్యుత్తు అందించే భాగం మాత్రమే టంకం పెట్టమంటుంది. ప్రాసెసర్ ఇంకా పెట్టవద్దు, ఖాళీ సాకెట్టులో మీటరు పెట్టి 5 వోల్టులు వస్తున్నాయో లేదో చూడు, వస్తేనే ముందుకు పో అంటుంది. అలా ఒక్కో అంకం పరీక్షించి దాటిస్తుంది. రోజిన్ పొగ వాసన, టంకం ముట్టుకోగానే మెరిసి చల్లారే ఆ క్షణం, కాలు చుట్టూ చక్కగా పాకిన లోహం. ఇవి తెలిసినవాడికి వివరించనక్కర్లేదు. హైదరాబాదు కోఠి గుజరాతీ గల్లీలో కెపాసిటర్ల కోసం తిరిగిన మన కుర్రాళ్లకు ఈ వాసన కొత్త కాదు.

బోర్డు పూర్తయ్యాక దాన్ని కారుకు తగిలించరు. స్టిమ్యులేటర్ అనే మరో చిన్న బోర్డు ఉంటుంది, 9 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. దాని మీది నాబ్‌లు తిప్పితే ఇంజను వేగం, వేడి, యాక్సిలరేటర్ స్థానం ఉన్నట్టుగా నకిలీ సంకేతాలు పుడతాయి. ల్యాప్‌టాప్‌లో ఎరిక్ ఫాల్‌గ్రెన్ రాసిన మెగాట్యూన్ తెరిస్తే డయల్స్ లేస్తాయి, ఇంజెక్టర్లకు బదులు రెండు చిన్న దీపాలు మిణుకుమంటాయి. ఇంట్లో పెట్రోలు చుక్క లేదు, కారు షెడ్డులో చల్లగా పడి ఉంది, అన్నాల బల్ల మీద మాత్రం 3,000 ఆర్‌పీఎంలో ఒక ఇంజను నడుస్తోంది. నాటకంలో ఆహార్యం లేకుండా ఒట్టి మాటతోనే పాత్ర నిలబడినప్పుడు కలిగే ఉద్వేగం లాంటిదే ఇక్కడా కలుగుతుంది.

కారులో అమర్చాక వచ్చే బాధలు అనేకం. ఆల్టర్నేటర్ రొద సెన్సర్ తీగలో దూరడం, ఎర్త్ తీగలు తలో చోట బిగించడం వల్ల అంకెలు ఎగిరిపడటం, ఇలాంటివి వారాల తరబడి తింటాయి. వాటి గురించి మాట్లాడబుద్ధి కాదు. అసలు రసం ట్యూనింగ్‌లో ఉంది.

ట్యూనింగ్‌కు ఇద్దరు కావాలి. ఒకరు స్టీరింగు పట్టుకోవాలి, ఒకరు ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని పక్క సీట్లో కూర్చోవాలి. రోడ్డు ఖాళీగా ఉండే వేళ చూసుకుని బయలుదేరాలి. మిషిగన్‌లో ఉంటున్న ఒక తెలుగు దంపతుల పాత డాట్సన్ 240జెడ్‌లో వెనక ఇరుకున ముడుచుకుని నేను ఒకసారి ఈ పని చూశాను. ఆ కారుకు పుట్టుకతో జంట కార్బురేటర్లు. వాటిని తీసేసి ఆయన ఇంజెక్షన్ పెట్టుకున్నాడు. ఆయన నడుపుతున్నాడు, ఆమె చూపు తెర మీద. పట్టిక మీద ఒక చుక్క, ఇంజను ఇప్పుడు ఎక్కడుందో చూపుతూ గళ్ల మీదుగా జరుగుతోంది.

“మూడు వేల దగ్గర పట్టుకోండి. కదపకండి.”

“ఇప్పుడెంతుంది?”

“పదిహేనున్నర. పెట్రోలు చాలట్లేదు. ఆగండి, పెంచుతున్నా. పదిహేను... పధ్నాలుగు ఏడు. ఆ, అలాగే ఉండండి.”

పెట్రోలు పూర్తిగా మండటానికి బరువు లెక్కన ఒక పాలుకు 14.7 పాళ్ల గాలి కావాలి. సైలెన్సర్ గొట్టంలో బిగించిన వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ ఆ పాళ్లను చెబుతుంది. మామూలుగా సాగే ప్రయాణంలో ఆ అంకె దగ్గర ఉండాలి, పూర్తిగా తొక్కినప్పుడు పదమూడు లోపలికి దిగాలి. అక్కడ పెట్రోలు తక్కువైతే పిస్టన్లు కరిగిపోతాయి. అందుకే ఆమె కంఠంలో ఆ అప్రమత్తత. ఆమె “తగ్గించండి” అన్న మరుక్షణం ఆయన కాలు లేస్తుంది, కారణం అడగడు. పధ్నాలుగు ఏడు తగిలినప్పుడు ఇంజను గొంతులో వచ్చిన మార్పు నాకు కూడా వినిపించింది. గరుకుదనం పోయి ఒక నింపాదితనం వచ్చింది. ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు. ఒకే అంకె కోసం అలా చెవులొగ్గిన దంపతులను నేను మరెక్కడా చూడలేదు. కారు పిచ్చి సంసారాలను పాడు చేస్తుందనే మాట నిజమైన చోట్లు ఉన్నాయి. షెడ్డులో గడిచిన ఆదివారాలకు ఇంట్లో ఎవరో ఒకరు మూల్యం చెల్లిస్తూనే ఉంటారు. కానీ ఈ పెట్టె పనితీరులోనే పక్కన ఇంకో మనిషి ఉండాలన్న నియమం ఉంది. అన్న ఉండొచ్చు, కొడుకు ఉండొచ్చు, భార్య ఉండొచ్చు. రాసిన అంకెల్లో సగం వాళ్లవే.

ఈ విద్యకు తొందర పనికిరాని మరో పట్టిక ఉంది. చల్లని ఇంజనుకు పెట్రోలు ఎక్కువ కావాలి, పాత కార్లలో చోక్ చేసిన పని అదే. మెగాస్క్విర్ట్‌లో దానికి పది గళ్లు. మైనస్ 40 డిగ్రీల ఫారన్‌హీట్ నుంచి 160 దాకా. ఇంజను ఒకసారి వేడెక్కితే ఆ రోజుకు పరీక్ష అయిపోయినట్టే. మళ్లీ చల్లారాలంటే రాత్రంతా ఆగాలి. పొద్దున్నే ఒక్క ప్రయత్నం, ఒక్క దిద్దుబాటు, మళ్లీ రేపు. పైగా ఏ గడి దిద్దాలన్నా ఆ ఋతువు రావాలి. హైదరాబాదు చలికాలం మహా అయితే యాభై, అరవై డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఆగుతుంది. ఇక్కడి మనిషి ఎన్నేళ్లు నడిపినా కింది నాలుగు గళ్లు ఆయన చెయ్యి తగలకుండానే ఉంటాయి. మిషిగన్ దంపతులు మంచు కురిసే జనవరిలో, రోడ్డు మీద ఉప్పుకు కారు తుప్పు పడుతుందని బయటికి తీయకుండా, షెడ్డు తలుపు బార్లా తెరిచి అక్కడే స్టార్ట్ చేసి ఆ కింది గళ్లు నింపారు. ఫైళ్లకు తేదీలు పెట్టి దాచుకున్నారు. ఆ ఫైళ్లు వరసగా తెరిస్తే ఏ ఏడు చలి గట్టిగా వచ్చిందో తెలుస్తుంది. నెలల తరబడి మార్పే లేని చోట ఆ ఇంట్లో ఏదో జరిగి ఉంటుంది. నేను అడగలేదు.

ఈ లోకంలో రసాభాస కూడా ఉంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపాకాయల్లా పేలాలని కావాలని పెట్రోలు, ఇగ్నిషన్ పాడు చేసుకునేవాళ్లు ఉన్నారు. వీధిలో పసిపిల్లలు ఉలిక్కిపడతారు, పొగ కక్కుతుంది, ఇంజను ఆయుష్షు తగ్గుతుంది. చేతికొచ్చిన విద్యను అంతకన్నా అనుచితంగా వాడటం నాకు ఊహకందదు. తర్వాత వచ్చిన ట్యూనర్‌స్టూడియో సాఫ్ట్‌వేర్‌లో పట్టికను తనంతట తాను దిద్దుకుపోయే సౌకర్యం ఉంది. అది పనికొచ్చేదే, తప్పు పట్టను. అయితే మొదటి ఇంజను మాత్రం చేత్తోనే దిద్దాలని నా పట్టుదల. అంకె పెంచినప్పుడు సీటు కింద ఏమి మారిందో ఒంటికి తెలిసినవాడే తర్వాత యంత్రం చేసిన దిద్దుబాటును తూచగలడు.

2001 తర్వాత ఈ దారి విశాలమైంది. 16 బిట్ల మెగాస్క్విర్ట్ 2 వచ్చింది, గళ్లు పన్నెండు పన్నెండ్లయ్యాయి. డిస్ట్రిబ్యూటర్ లేకుండా ఇగ్నిషన్ కూడా అదే చూసుకోవడం మొదలైంది. ఆస్ట్రేలియాలో జాష్ స్టూవర్ట్ మొదలుపెట్టిన స్పీడ్యూయినో, బడిపిల్లలు కూడా వాడే ఆర్డువినో మెగా బోర్డు మీద ఇదే పని చేస్తోంది, పదహారు పదహార్ల పట్టికతో. సామర్థ్యంలో ఇవన్నీ మొదటిదాన్ని మించినవే. కానీ ఒక్క అంకె కూడా వృథా కాని నిండుదనం నాకు ఆ ఎనిమిది ఎనిమిదుల పట్టికలోనే కనిపిస్తుంది. నా దృష్టిలో ఈ పరంపరలో ఆదికావ్యం అదే.

చదివి చెయ్యి దురద పెట్టినవాళ్లకు ఒక మాట. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా రోడ్డు బండిని మార్చడం కుదరదు. కాబట్టి తిరిగే కారు జోలికి పోకండి. పాత ఇంజను ఒకటి స్టాండు మీద బిగించుకోండి, లేదా ఇంజనీరింగ్ కాలేజీలో ఫార్ములా పోటీలకు బండి కట్టే పిల్లల జట్టుతో కలవండి. ముందు స్టిమ్యులేటర్ కట్టి, దాని మీద నేర్చుకోండి. పెట్రోలు గొట్టాల క్లాంపులు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. మంటలార్పే సిలిండరు చేతికందే చోట పెట్టుకున్నాకే పంపు ఆన్ చేయండి.